టాంజానియా పల్లెల్లో కంటి వైద్యం: శిబిరానికి దాచిన డబ్బు ఎక్కడ పెట్టాలి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: దార్ ఎస్ సలాంలోని తెలుగువాళ్లు చందాలు వేసుకున్నారు, డొడోమా వైపు ఒక గ్రామీణ జిల్లాలో ఏటా కంటి శిబిరం పెట్టాలని ఉంది. హైదరాబాద్ నుంచి ఇద్దరు సర్జన్లను రప్పించాలా, ఇళ్లలో పోగుపడ్డ పాత కళ్లజోళ్లు తీసుకెళ్లి పంచాలా అని. సర్జన్లు అక్కర్లేదు. పాత కళ్లజోళ్లు అసలే వద్దు. ఆ డబ్బు ఊరికీ ఆపరేషన్ బల్లకీ మధ్యనున్న దారి మీద పెట్టండి.

సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో పది లక్షల జనాభాకు ముగ్గురు కంటి డాక్టర్లు కూడా లేరన్నది నిజమే. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పెద్ద పట్టణాల్లోనే ఉంటారన్నదీ నిజమే. అందుకని కొరతంతా సర్జన్లదే అనుకుంటాం. కానీ టాంజానియా, కెన్యా, మలావీల్లో కంటి డాక్టర్లతోపాటు ప్రత్యేక శిక్షణ పొందిన క్లినికల్ ఆఫీసర్లు, సహాయ వైద్యాధికారులు కూడా శుక్లాల ఆపరేషన్లు చేస్తారు. వాళ్లలో చాలామందికి చేతినిండా పని ఉండదు. రోగి రాడు, వచ్చిన రోజు సరైన పవర్ లెన్సు ఉండదు, రెండూ కుదిరిన రోజు మైక్రోస్కోప్ బల్బు మాడిపోయి ఉంటుంది. బయటినుంచి సర్జన్ వచ్చి వారంలో వంద ఆపరేషన్లు చేసి వెళ్తే ఈ మూడింట్లో ఒక్కటీ తీరదు. పైగా రెండు చిక్కులు కొత్తగా వస్తాయి. పదో రోజున కన్ను ఎర్రబడితే చూసే బాధ్యత ఎవరిదో తేలదు. ఎంతోకొంత ఇచ్చుకోగలిగినవాళ్లు కూడా స్థానిక ఆస్పత్రికి వెళ్లడం మానేసి వచ్చే ఏడాది ఉచిత శిబిరం కోసం కూర్చుంటారు.

కాబట్టి మొదట కలవాల్సింది ఆ ప్రాంతపు కంటి వైద్య సమన్వయకర్తను. మూడు ప్రశ్నలు అడగండి: ఆస్పత్రిలో నెలకు ఎన్ని శుక్లాల ఆపరేషన్లు జరుగుతున్నాయి, ఇప్పుడున్న మనుషులతోనే ఎన్ని చేయగలరు, గత నెల ఏ వస్తువు లేక ఆగిపోయారు. మొదటి రెండు అంకెల మధ్య తేడా మీరు తీసుకురావలసిన రోగుల సంఖ్య. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబు మీరు కొనాల్సిన సామాను జాబితా. ఆస్పత్రి నెలకు 40 చేయగలిగితే మీరు 120 మందిని పోగుచేయకూడదు. మాట ఇచ్చి తిప్పి పంపిన ఊళ్లో రెండోసారి ఎవరూ బండెక్కరు.

ఇక మనుషుల్ని కనిపెట్టడం. ఎక్కువ శిబిరాలు దెబ్బతినేది ఇక్కడే. మైకు పెట్టి బడి దగ్గరికి రమ్మంటే వచ్చేది నడవగలిగినవాళ్లు, అంటే చూపు ఉన్నవాళ్లు. రెండు కళ్లూ పోయిన ముసలమ్మ ఇంట్లోనే ఉండిపోతుంది. ఆడవాళ్లకు ఆపరేషన్ అందడం మగవాళ్లకన్నా తక్కువని ఆఫ్రికాలో సర్వే తర్వాత సర్వే చెబుతోంది. చేతిలో డబ్బు ఉండదు, తోడు ఉండరు, 'వయసైంది కదా' అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. అందుకే శిబిరం తేదీకి రెండు మూడు వారాల ముందే ఇంటింటి జాబితా కావాలి. టాంజానియాలో పది ఇళ్లకొకరు చొప్పున బలోజీ అనే పెద్ద ఉంటారు. ఏ ఇంట్లో ఎవరు గోడ పట్టుకుని నడుస్తున్నారో వాళ్లకు తెలుసు. గ్రామ కార్యనిర్వాహక అధికారి (మ్‌టెండాజీ) ద్వారా కబురు పంపితే జాబితా వస్తుంది. ఆ జాబితా పట్టుకుని ఇళ్లకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తకు చిగోగో భాష రావాలి. డొడోమా పల్లెల్లో పెద్దవయసు గోగో స్త్రీలకు స్వాహిలీ అంతగా సాగదు. రేడియోలో చెప్పించేటప్పుడు 'మ్‌టోటో వా జిచో' అనండి, శుక్లానికి అక్కడ అందరూ అనే మాట అదే.

ఇంటి దగ్గర పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. 3 మీటర్ల దూరానికి తయారైన 'ఈ' అక్షరాల కార్డు, ముడి వేసిన 3 మీటర్ల తాడు, సన్నటి వెలుగుపడే టార్చి, సూదిమొన రంధ్రాలున్న నల్ల అట్ట చాలు. తాడు ఒక కొన రోగి చేతికిచ్చి, రెండో కొన కార్యకర్త బెల్టుకు కట్టుకుంటే దూరం తప్పదు. అడుగులతో కొలిస్తే ప్రతి ఒక్కరిదీ ఒక లెక్క. రోగి వెనక ఎండ, ఎదురుగా కార్డు ఉండాలి. కార్డు మీద నీడ పడితే చూపు ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. ఒక కన్నును అరచేత్తో మూయించాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు, గట్టిగా నొక్కితే ఆ తర్వాత ఆ కన్ను కాసేపు మసకగా ఉంటుంది. 'ఈ' కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపించమనాలి. ఐదింట్లో నాలుగు సరిగ్గా చెబితే ఆ గీత దాటినట్టు. పెద్దవాళ్లకు రెండు గీతలే పెట్టుకోండి: 6/12 (మామూలు కంటికి 12 మీటర్లనుంచి కనిపించేది 6 మీటర్లకు వస్తేగానీ కనిపించకపోవడం), 6/60 (అలాగే 60 మీటర్లది). 6/12 దాటనివాళ్లకు సూదిరంధ్రపు అట్ట పెట్టి మళ్లీ చూపించండి. మెరుగైతే దాదాపుగా కళ్లజోడు సమస్య. మెరుగవకపోతే టార్చి వేయండి. కనుపాపలో లోపలినుంచి తెలుపో బూడిద రంగో కనిపిస్తే శుక్లం. తెలుపు పైపైన నల్లగుడ్డు మీదే ఉండి కనుపాప అంచు కనిపించకపోతే అది పువ్వు, దానికి శుక్లం ఆపరేషన్ పనికిరాదు. ఈ రెండింటి తేడా నేర్పకుండా కార్యకర్తను పంపితే పువ్వు పడినవాళ్లతో సగం బండి నిండుతుంది. టార్చి వెలుగును నాలుగు వైపులనుంచి వేసి ఎటునుంచి వస్తోందో అడగడమూ నేర్పాలి. శుక్లం ఎంత ముదిరినా ఇది చెప్పగలరు. చెప్పలేకపోతే రెటీనాలోనో నరంలోనో దెబ్బ ఉన్నట్టు, ఆశ పెట్టకుండా డాక్టరుకు చూపించాలి.

ఆపరేషన్ పనికొస్తుందని తేలినవాళ్లను అదే రోజు బండెక్కించడం ఈ మొత్తం పథకానికి ఆయువుపట్టు. 'మంగళవారం ఆస్పత్రికి రండి' అని చీటీ రాసిస్తే చాలామంది రారు. ఆపరేషన్ ఉచితమైనా డాలాడాలా (చిన్న బస్సు) చార్జీ, తోడు వచ్చినవాళ్ల తిండి, రెండు రాత్రుల బస, పోయిన కూలి, అన్నీ కలిపితే పేదింటికి పెద్ద మొత్తం. దార్ ఎస్ సలాంలోని సీసీబీఆర్‌టీ ఆస్పత్రి ఫిస్టులా (కష్టమైన కాన్పు వల్ల మూత్రం ఆగకుండా కారే జబ్బు) రోగుల ప్రయాణ ఖర్చును ఎం-పెసాలో, అంటే ఫోన్ ద్వారా డబ్బు పంపే పద్ధతిలో పంపి, దూరపు జిల్లాల స్త్రీలను చికిత్సకు రప్పించింది. కంటికీ అదే పద్ధతి సరిపోతుంది. డబ్బు రోగికి ముందే పంపడంకన్నా, రోగిని దించాక డ్రైవరుకో బోడా బోడా (అద్దె మోటార్‌సైకిల్) నడిపేవాడికో పంపడం మేలు. తోడు వచ్చేవాళ్ల ఖర్చు తప్పకుండా లెక్కలో వేయండి. దాన్ని కత్తిరించిన చోట ముందు తగ్గేది ఆడ రోగులే. 60 దాటిన పేదవాళ్లకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఫీజు మినహాయింపు విధానం ఉంది. దానికి గ్రామాధికారి గుర్తింపు కాగితం కావాలి కనుక జాబితా రాసేటప్పుడే ఆ కాగితాలూ రాయించుకోండి. ఆస్పత్రి కౌంటరు దగ్గర ఆ గొడవ పెట్టుకోవద్దు.

బండెక్కించేముందు ఊళ్లోనే నాలుగు చూడాలి: బీపీ, చక్కెర, దగ్గు, కంటి మూలలో చీము. బీపీ 180/110 దాటితే ఆ రోజు ఆపరేషన్ వాయిదానే. దగ్గు ఆగనివాడు బల్లమీద కదలకుండా పడుకోలేడు. ముక్కు పక్కన కన్నీటి సంచి మీద వేలితో నొక్కితే చీము వచ్చినవాళ్లకు ముందు దానికి వైద్యం చేయాలి, లేకపోతే ఆపరేషన్ చేసిన కంట్లోకి క్రిములు వెళ్తాయి. వంద కిలోమీటర్లు తీసుకెళ్లి వీటికోసం వెనక్కి పంపితే ఖర్చూ పోతుంది, పరువూ పోతుంది. తేదీ కూడా జాగ్రత్తగా పెట్టాలి. డొడోమా వైపు వానలు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, మట్టిరోడ్లు తెగిపోతాయి. ఆ తర్వాత జొన్న, సజ్జ కోతలు. జులై నుంచి అక్టోబరు దాకా జనం దొరుకుతారు, బండి నడుస్తుంది.

థియేటర్ విషయానికి వస్తే, అక్కడి పరిస్థితులకు తగినది చిన్న కోతతో చేత్తో చేసే శుక్లాల ఆపరేషనే. ఫేకో యంత్రం (ధ్వని తరంగాలతో శుక్లాన్ని ముక్కలుచేసి పీల్చేది) దానం చేయాలని ఎవరైనా ఉత్సాహపడితే సున్నితంగా ఆపండి. దానికి ఖరీదైన ప్యాకులు, నిలకడైన కరెంటు, పాడైతే వచ్చే ఇంజనీరు కావాలి. బాగా ముదిరిన శుక్లాలకు చేతి పద్ధతే సులువు కూడా. మీ డబ్బు ముందు కొలతకు వెళ్లాలి. చాలాచోట్ల కంటి పొడవు కొలవకుండా అందరికీ 21 లేదా 22 పవర్ లెన్సు పెట్టేస్తారు. పొడవులో ఒక్క మిల్లీమీటరు తేడా ఉంటే చూపు పవర్‌లో సుమారు 2.5 డయాప్టర్ల (పాయింట్ల) తప్పు వస్తుంది. శుక్లం తీసినా మనిషికి మసక మిగిలితే 'ఆపరేషన్ వల్ల ఏమీ లాభం లేదు' అని ఊరంతా పాకుతుంది. ఏ-స్కాన్ (కంటి పొడవు కొలిచేది), కెరటోమీటరు (నల్లగుడ్డు వంపు కొలిచేది), వాటిని వాడే నర్సుకు శిక్షణ ముందు ఏర్పాటు చేసి, ఆ తర్వాతే లెన్సులు కొనండి. లెన్సుల్లో 19 నుంచి 23 వరకు ఎక్కువ, రెండు వైపులా తక్కువగా. లెన్సును పట్టి ఉంచే పల్చటి పొర (సంచి) ఆపరేషన్‌లో చిరిగినప్పుడు కంటి ముందుగదిలో పెట్టే లెన్సులు కొన్ని తప్పనిసరి. ఆపరేషన్‌లో కంటి లోపలి పొరల్ని కాపాడే విస్కోఎలాస్టిక్ జిగురు, తెల్లబడ్డ శుక్లానికి ట్రిపాన్ బ్లూ రంగు, మైక్రోస్కోప్ బల్బులు, వోల్టేజి స్టెబిలైజరు కూడా ఆ జాబితాలోనే. గడువు తేదీ ఏడాదికన్నా దగ్గరపడ్డ సరుకు ఎవరిచ్చినా తీసుకోవద్దు.

ఇన్‌ఫెక్షన్ ఆపేదాంట్లో అన్నిటికన్నా చవకైనది 5 శాతం పోవిడోన్ అయోడిన్. ఆపరేషన్‌కు ముందు చుక్కలుగా వేసి 3 నిమిషాలు ఉంచాలి. దుకాణాల్లో దొరికేది 10 శాతం ద్రావణం, దాన్ని శుభ్రమైన సెలైన్‌తో సమానంగా కలిపితే 5 శాతం అవుతుంది. అయితే సీసా మీద 'స్క్రబ్' అని ఉన్నది ఎప్పుడూ కంట్లోకి వెళ్లకూడదు. అందులో సబ్బులాంటి పదార్థం ఉంటుంది, నల్లగుడ్డును కాల్చేస్తుంది. రెండు సీసాలూ ఒకే రంగు, ఒకే సైజు. వాటిని ఒకే అల్మారాలో పెట్టనివ్వకండి. ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు వస్తే వేడి తగిలిందని మాత్రమే అర్థం, లోపలి పరికరాలు శుద్ధి అయ్యాయని కాదు. ప్యాకు మధ్యలో పెట్టే సూచిక స్ట్రిప్పులు కొనివ్వండి, ఖర్చు పెద్దదేం కాదు. ఆపరేషన్ చివర కంట్లోకి యాంటీబయాటిక్ ఇచ్చే పద్ధతి ఆ ఆస్పత్రిలో ఉందా అనేదీ అడగండి.

ఆస్పత్రి నుంచి ఒకే ఒక లెక్క అడిగి తీసుకోండి: ఆపరేషన్ అయినవాళ్లలో ఎంతమందికి 6/12 చూపు వచ్చింది, ఎంతమంది 6/60 కిందే ఉండిపోయారు. ఈ రెండోవాళ్లు నూటికి ఐదుగురు మించితే కొత్త రోగుల్ని పంపడం ఆపి ముందు కారణం వెతకాలి. తప్పుడు లెన్సా, సంచి చిరగడమా, ముందే ఉన్న రెటీనా జబ్బా అని ఒక్కొక్కరి కాగితం చూస్తే తేలుతుంది. ఎన్ని ఆపరేషన్లు చేశామన్న అంకెను ఫ్లెక్సీ మీద వేయడం సులువు, ఈ లెక్కే కష్టం. మర్నాడు, తర్వాత ఒకటి నుంచి మూడు వారాల మధ్య, ఆపైన ఆరో వారం దాటాక చూపు పరీక్ష జరగాలి. మూడోదానికి మళ్లీ ఆస్పత్రికి రప్పించకుండా ఊళ్లోనే అదే కార్యకర్త అదే తాడుతో చూసి అంకె ఫోన్‌లో పంపితే సరిపోతుంది. 6/60 రానివాళ్లు, నొప్పి ఉన్నవాళ్లు మాత్రం వెనక్కి రావాలి. రెండో కంటి తేదీ కూడా అప్పుడే రాయండి.

కళ్లజోళ్ల సంగతి. ఇళ్లలో పోగైన పాతవాటిలో ఒక్కోటి ఒక్కో మనిషి పవర్‌కు చేసింది. రెండు కళ్లకు వేర్వేరు పవర్, సిలిండరు, గీతలు, విరిగిన చేతులు. అలా పోగుచేసిన జోళ్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో వాడటానికి పనికొచ్చినవి 7 శాతమే. కడిగి, కొలిచి, మోసుకెళ్లే ఖర్చుతో కొత్తవే వస్తాయి. పల్లెలో పెద్ద అవసరం చత్వారానికి. +1.00 నుంచి +3.00 దాకా అరపాయింటు తేడాతో రెడీమేడ్ జోళ్లు తీసుకెళ్లండి, +1.50, +2.00, +2.50 ఎక్కువగా. నలభై దాటినవాళ్లకు +1.00, యాభైకి +2.00, అరవైకి +2.50 దగ్గర మొదలుపెట్టి చూడండి. అయితే చివరి తీర్పు వయసు పట్టికది కాదు, పనిది. సూదిలో దారం ఎక్కించమనండి, జొన్నల్లో రాళ్లు ఏరమనండి. ఏ జోడుతో రాయి దొరికిందో అదే ఇవ్వండి. బలమైనది ఇస్తే బాగుంటుందనుకోవడం పొరపాటు, పని ముక్కు దగ్గరికి వస్తుంది, నడుం వంగుతుంది, వారంలో తీసి పడేస్తారు. అసోంలో నలభై దాటిన తేయాకు కూలీలకు దగ్గరి చూపు జోళ్లు ఇచ్చి చూస్తే, ఇవ్వనివాళ్లకన్నా ఆకు కోత సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఉచితంగా కాకుండా చిన్న ధర పెట్టి డిస్పెన్సరీ ద్వారానే అమ్మించండి. ఆ డబ్బుతో మళ్లీ స్టాకు వస్తుంది, విరిగితే ఎక్కడికి వెళ్లాలో జనానికి తెలుస్తుంది. రువాండా ఊరి ఆరోగ్య కేంద్రాల నర్సులకు కొద్దిరోజుల శిక్షణతో ఈ పని అప్పగించి దేశమంతా నడిపింది.

హైదరాబాద్ నుంచి తెచ్చుకోవలసింది సర్జన్లను కాదు, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి కట్టిన పద్ధతిని. 50 వేల జనాభాకొక విజన్ సెంటర్, అందులో స్థానికంగా చదివి శిక్షణ పొందిన టెక్నీషియన్. 5 లక్షలకొక ఆపరేషన్ కేంద్రం. 50 లక్షలకొక పెద్దాస్పత్రి. మన్రోవియాలోని జేఎఫ్‌కే వైద్య కేంద్రంతో కలిసి లైబీరియాలో కంటి కేంద్రం కూడా నడిపిన అనుభవం వాళ్లకుంది. అయితే అంకెల్ని ఉన్నదున్నట్టు దించకండి. తెలుగు జిల్లాల్లో 50 వేలమంది ఆటో ఎక్కి చేరే దూరంలో ఉంటారు. డొడోమా పల్లెల్లో అంతమంది ఎంతో విశాలమైన నేల మీద చెల్లాచెదురుగా ఉంటారు, మాసాయి పశుపాలకులైతే ఊరే మారుస్తారు. అక్కడ గోడల మధ్య సెంటరు కన్నా సంత రోజున వెళ్లే బండి మేలు. వారపు సంత గులియో, పశువుల సంత మ్నాడా, వీటి తేదీలు ముందే తెలుసు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. టెక్నీషియన్ నెలలో ఒకే తేదీన ఒకే సంతకు వెళ్లాలి. రెండు నెలలు తప్పితే నమ్మకం పోతుంది.

పిల్లల విషయంలో రెండే ముక్కలు. పసిబిడ్డ కనుపాప తెల్లగా కనిపిస్తే శిబిరం కోసం ఆగకూడదు. అది పుట్టుశుక్లం కావచ్చు, ప్రాణం తీసే కణితీ కావచ్చు. ఆ వారమే పిల్లల కంటి ఆపరేషన్లు చేసే మోషిలోని కేసీఎంసీ ఆస్పత్రికో, దార్‌లోని సీసీబీఆర్‌టీకో పంపాలి, ఖర్చు సంఘానిదే అనుకోండి. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి చూపించుకోవాలి కనుక తల్లి ఫోన్ నంబరుతోపాటు పక్కింటివాళ్లదీ రాసుకోండి. ఇక బడి పరీక్షలు. కెన్యాలో ట్రాన్స్ న్జోయా ప్రాంతంలో 50 బడుల్లో టీచర్ల చేతికి ఫోన్ యాప్ ఇచ్చి, బిడ్డకు లోకం ఎంత మసకగా కనిపిస్తోందో బొమ్మలో చూపించి, తల్లిదండ్రులకు మెసేజీలు పంపితే ఆస్పత్రికి వెళ్లినవాళ్లు 54 శాతం, పాత పద్ధతిలో చీటీ రాసిచ్చిన బడుల్లో 22 శాతం. పరీక్ష రెండు చోట్లా జరిగింది. తేడా తెచ్చింది వెంటపడటమే.

ఎర్రకన్ను మాత్రం శిబిరాల్లో ఎవరూ పట్టించుకోని ప్రమాదం. గింజ పొట్టు తగిలి గీసుకున్న కంట్లో ఆకు పసరు పోయడం, లేదా మందుల దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన చుక్కలు కొని వేయడం జరుగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చిన్న గీత నల్లగుడ్డు పుండై పువ్వుగా మిగులుతుంది. కార్యకర్త సంచిలో స్టెరాయిడ్ చుక్క ఒక్కటి కూడా ఉండకూడదు. నొప్పి, చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, ఈ మూడింట్లో ఏది ఉన్నా అదే రోజు ఆస్పత్రికి. నాటువైద్యుల్ని తిట్టి లాభం లేదు, జనం ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే. పిలిచి కూర్చోబెట్టి, టార్చి ఇచ్చి, తెల్ల కనుపాప ఉన్నవాళ్లను పంపమనండి, పసరు పోయవద్దని ఒప్పించండి.

డొడోమా ప్రాంతంలోని కొంగ్వా ట్రకోమా (పదేపదే సోకి రెప్ప లోపలివైపు మచ్చలు పడేసే అంటు కంటిజబ్బు) పరిశోధనకు పేరుపడ్డ చోటు, కాబట్టి రెప్ప లోపలికి తిరిగి వెంట్రుకలు నల్లగుడ్డును గీసేవాళ్లు మీ జాబితాలో తప్పక వస్తారు. ఆ వెంట్రుకల్ని చిమటాతో పీకడం పరిష్కారం కాదు, రెప్పకు చిన్న ఆపరేషన్ కావాలి. దానికి శిక్షణ ఉన్న నర్సు జిల్లాలో ఉన్నారేమో అడగండి. ట్రకోమాకు ఇచ్చే యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ మాత్రం మీరు కొని పంచకండి. ఫైజర్ దానంగా ఇచ్చే మందు ప్రభుత్వ కార్యక్రమం ద్వారా, 1 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో జబ్బు 5 శాతం దాటిన జిల్లాల్లో అందరికీ ఒకేసారి ఇస్తారు. ఘనా 2018లో, మలావీ 2022లో ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసుకున్నట్టు డబ్ల్యూహెచ్‌ఓ గుర్తించింది, రెండూ ఈ దారిలోనే.

నీటికాసుల (గ్లకోమా) కోసం ఊళ్లలో కంటి ఒత్తిడి కొలిచే కార్యక్రమం పెట్టొద్దనే చెప్తాను. ఒత్తిడి ఉందని చెప్పి, జీవితాంతం చుక్కలు కొనుక్కోమంటే ఎవరూ కొనలేరు. మోషిలో జరిగిన ప్రయోగంలో ఏడాది తర్వాత టిమొలాల్ చుక్కలతో 31 శాతం కళ్లు అదుపులో ఉంటే, ఒక రకం లేజరుతో 61 శాతం ఉన్నాయి (2021). ఆ లేజరు మీ ప్రాంతపు ఆస్పత్రికి వచ్చినరోజు దీని గురించి మళ్లీ ఆలోచించండి.

చివరగా కాగితాలు. మందులు, లెన్సులు, పరికరాలు దేశంలోకి తేవాలంటే టీఎండీఏ (మందులు, వైద్య పరికరాల ప్రభుత్వ నియంత్రణ సంస్థ) అనుమతి ముందే తీసుకోవాలి, లేకపోతే సరుకు రేవులోనే ఉండిపోతుంది. శిక్షణ ఇవ్వడానికైనా సరే బయటి డాక్టరు రోగి మీద చెయ్యి వేస్తే టాంగన్యికా వైద్య మండలి తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉండాలి. దరఖాస్తు నెలల ముందే, ఆస్పత్రి పేరు మీదే పెట్టించండి.